వి.ఎఫ్. అనే ఇంటిపేరు

చదువుకునే రోజుల్లో నేను చేసిన తప్పుల్లో సిగ్గుపడనిది ఒక్కటే. రెండువేల ఏళ్ల కిందటి ఆల్ప్స్ కొండల వాళ్లకు నేను ఇంటిపేరు తగిలించాను.

కోవిడ్ మొదటి ఏడాది. ఐర్లండ్‌లోని వాటర్‌ఫోర్డ్‌లో డేటా అనలిటిక్స్ చదువుతూ ఒక ఐరిష్ పెద్దావిడ ఇంట్లో అద్దెకుండేదాన్ని. క్లాసులన్నీ లాప్‌టాప్‌లోకి వచ్చేశాయి. చరిత్ర ప్రొఫెసరుగారొకరు చిన్న పని ఇచ్చారు. ఆల్ప్స్ కొండల్లో ఒకప్పటి నోరికం అనే చోటి సమాధి రాళ్ల ఫొటోలు చూసి, వాటి మీది పేర్లు ఎక్సెల్‌లోకి ఎక్కించాలి. అక్కడివాళ్లు రోమన్ల ఏలుబడిలోకి వెళ్లిన కెల్టు తెగలవాళ్లు. లాటిన్ నాకు ఒక్క ముక్క రాదు. అక్షరాలు గుర్తుపడితే చాలన్నారాయన.

చాలా రాళ్ల మీద వి, ఎఫ్ అని రెండక్షరాలు కనిపించేవి. మనకు పొడి అక్షరాలంటే ఇంటిపేరే కదా. ఆలోచించకుండా ఇంటిపేరు గడిలో వి.ఎఫ్. అని కొట్టుకుంటూ పోయాను. వారం తిరిగేసరికి ఆ కొండల్లో సగం మంది ఒకే ఇంటివాళ్లయ్యారు. ఎంత పెద్ద వంశమో అని ముచ్చటపడ్డాను కూడా. ప్రొఫెసరుగారు అది చూసి కడుపుబ్బ నవ్వారు. "బతికుండగానే చేయించుకున్నది" అనే మాటకు అవి గుర్తులట. తమ రాయి తామే చెక్కించుకున్నవాళ్లు అలా వేయించేవారట.

ఇంటావిడకు ఎనభై దాటాయి. చేరిన రోజే పేరు పెట్టి పిలవమంది. నా వల్ల కాలేదు, ఆంటీ అన్నాను. ఆ వసంతంలోనే ఆవిడ భర్త పోయాడు. అంత్యక్రియలకు పదిమందికి మించి రానివ్వలేదు. నేను ఇంట్లోనే ఉండి, అక్కడ ప్రెస్ అని పిలిచే అల్మరాలోంచి మంచి టీ కప్పులన్నీ తీసి కడిగి పెట్టాను. తాగడానికి ఎవరూ రాలేదు.

కరీంనగర్ నుంచి అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే అడిగేది. "వండిపెడుతున్నవ్, మందులు తెస్తున్నవ్. ఆమె నీకేమైతదే?" ఓనర్ అన్నాను. ఆ మాట నాకే నచ్చలేదు.

వేసవిలో ఆవిడ మరిది సమాధి రాయి మీద చెక్కించాల్సిన మాటలు పంపాడు. అన్న పేరు, ఊరు, ఉద్యోగం అన్నీ వివరంగా ఉన్నాయి. చివర్న "అతని భార్య" అని, తర్వాత ఆవిడ పోయాక నింపడానికి కాస్త ఖాళీ. శుక్రవారంలోగా సరేనని చెప్పాలట. ఆంటీ ఆ కాగితాన్ని రెండు రోజులు టేబుల్ మీదే ఉంచింది. తన పుట్టింటి పేరు ఉండాలని, బడిలో ఏళ్ల తరబడి లెక్కలు చెప్పినట్టు ఉండాలని ఆవిడ కోరిక. తన రాయి గురించి తనే నోరు తెరిచి అడగడానికి మొహమాటం. నాకు ఒళ్లు మండింది. మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే ఖాళీ ఏమిటి?

లాప్‌టాప్ తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. ఒక నోరికం రాయి మీద మొగుడూ పెళ్లాం ఉన్నారు. ఆయన రోమన్లలాగా టోగా అనే పొడుగాటి వస్త్రం చుట్టుకున్నాడు. ఆమె మాత్రం తమ వాళ్ల పెద్ద టోపీతో, భుజాల మీద రెండు పెద్ద పిన్నులతో అలాగే ఉంది. కింద ఆమె పేరు, వాళ్ల నాన్న పేరు, ఆ రెండక్షరాలు. వాటి అర్థమూ, వాటిని ఇంటిపేరనుకున్న నా తెలివీ రెండూ చెప్పాను. ఆంటీ కళ్లజోడు సర్దుకుని ఆ టోపీనే చాలాసేపు చూసింది.

"ఈవిడ గ్రాండ్," అంది.

గురువారం పొద్దున్నే ఫోన్ పట్టుకుని వెనక గదిలోకి వెళ్లింది. ముందు మరిదితో, తర్వాత రాయి చెక్కేవాళ్లతో మాట్లాడింది. గొంతు లేవలేదు గానీ, నేను పెట్టిన టీ చల్లారిపోయింది.

ప్రయాణాల మీద ఆంక్షలు ఎత్తేశాక ఇద్దరం శ్మశానానికి వెళ్లాం. భర్త పేరు కింద ఆవిడ పూర్తి పేరు, పుట్టింటి పేరుతో సహా. లెక్కల టీచర్. పుట్టిన సంవత్సరం, ఒక గీత. అన్నిటికన్నా అడుగున, చిన్నగా, వి.ఎఫ్. నాతో ఒక్క మాట చెప్పలేదు. రాయి నిలబెట్టినతను అక్కడే పనిముట్లు సర్దుకుంటున్నాడు. ఆ పొడి అక్షరాలు ఎవరివని అడిగాడు.

ఆంటీ చేతికర్ర నా వైపు చూపించింది. "మా ఇద్దరి ఇంటిపేరు."

నాకు ఏడుపు ఆగలేదు. మాస్కు తడిసిపోయింది. ఇంటికి రాగానే అమ్మకు ఫోన్ చేశాను. ఆ రోజు అమ్మ ఆ ప్రశ్న అడగలేదు, నేనే చెప్పాను.

"ఆమెది, నాది ఒక్కటే ఇంటిపేరమ్మా."