పాంటూన్ మీద పోలి పాడ్యమి

ఉమాకాంత్ బతికున్నంత కాలం ఇంద్రజకి ఆ నారింజ రంగు లైఫ్ జాకెట్ అంటే ఒళ్ళు మంట. మరి ఉండదా చెప్పండి! కార్తీకం వెళ్ళిన మర్నాడు, పోలి పాడ్యమి తెల్లవారుజామున, ముచ్చటపడి గద్వాల్ చీర కట్టుకుని సరస్సు నడుమ దీపం వదలబోతుంటే, ఆ చీర మీద ఈ బస్తా తొడిగించేవాడు మహానుభావుడు. "ఫొటోలో నేనెక్కడున్నానండీ, జాకెట్టే ఉంది" అని ఆవిడ సణిగేది. "ఫొటోలో లేకపోయినా పర్లేదు ఇందూ, ఇంటికొస్తే చాలు" అనేవాడాయన.

అసలా బోటు కొన్నదే ఆవిడ కోసం. ఇంద్రజది రాజమండ్రి. గోదావరిలో దీపం వదిలితే ప్రవాహం దాన్ని తీసుకుపోతుంది. టెక్సస్‌లో వాళ్ళుండే ఇర్వింగ్ దగ్గర అలాంటి నదులెక్కడివి, చుట్టూ ఉన్నవన్నీ సరస్సులే. ఒడ్డున వదిలిన దీపం కాస్త దూరం పోయి మళ్ళీ కాళ్ళ దగ్గరికే వచ్చేస్తుంది. "పోలిని స్వర్గానికి ఇదేం సాగనంపడమండీ" అని ఓ ఏడు ఆవిడ మొహం చిన్నబుచ్చుకుంటే, మరుసటేటికల్లా ఈయన ఓ పాత పాంటూన్ బోటు కొనేశాడు. రెండు పొడుగాటి అల్యూమినియం గొట్టాలు, వాటి మీద పరిచిన అరుగు, చుట్టూ రెయిలింగ్, కూర్చోడానికి సోఫాలు. నీళ్ళ మీద తేలే వరండా అనుకోండి. దాని మీద సరస్సు మధ్యలో గుర్తు కోసం తేలేసి కట్టిన ఎర్ర పీపా, బోయ్ అంటారు, దాని దాకా తీసుకెళ్ళి ఇంజన్ ఆపేవాడు. ఆవిడ దీపాలు వదిలి దణ్ణం పెట్టుకున్నాక, అవన్నీ ఆరిపోయేదాకా ఆగి, స్వర్గానికి పంపిన అరటిదొప్పలన్నిటినీ చేపల వలతో ఏరుకొచ్చేవాడు. సరస్సు పాడవకూడదట!

రెండేళ్ళ కిందట నిద్రలోనే పోయాడు. ఆ జాగ్రత్తలన్నీ చెప్పినవాడు, ఒక్క మాటైనా చెప్పకుండా.

ఆ తర్వాత ఇంద్రజకి ఒకటే కోరిక పట్టుకుంది. ఆ ఎర్ర బోయ్ దగ్గర, ఆయన ఇంజన్ ఆపే చోట, ఆయన పేరున ఓ దీపం వదలాలి. అక్కడికెళ్తే ఆయన కనపడతాడని కాదు, ఆవిడకేం మతి పోలేదు. అయినా వెళ్ళాలి, అంతే. బోటు నడపడం నేర్చుకుంది. నేర్చుకుంటున్నంతసేపూ ఆయన సాధింపులన్నీ వరసపెట్టి గుర్తొచ్చేవి. ఆ సాధింపు మళ్ళీ ఒక్కసారి వింటే ఎంత బావుణ్ణని ఒంటరిగా స్టీరింగ్ మీద తలపెట్టి ఏడ్చేది.

ఈ ఏడు పోలి పాడ్యమికి, వెలుతురు వస్తుండగా బయల్దేరింది. వెంట కూతురు నమ్రత, స్నేహితురాలు జయంతి, గుంటూరు నుంచి ఆర్నెల్లుండడానికొచ్చిన జయంతి తల్లి కోటమ్మ. "పట్టుచీర మీద ఇదేం దరిద్రమే!" అని కోటమ్మ జాకెట్‌ని చూసి గింజుకుంది. "ఎక్కాలంటే తొడుక్కోవాల్సిందే పిన్నిగారూ" అని ఇంద్రజే బకిల్ పెట్టింది.

గాలి మధ్యాహ్నానికి గానీ రాదని ఫోన్ చెప్పింది. ఉమాకాంత్ అయితే ఫోన్‌ని నమ్మేవాడు కాదు, ఉత్తరపు ఆకాశం చూసేవాడు. అటు ముదురు నీలంగా ఓ గీత ఉంది. ఇంద్రజ దాన్ని చూసింది. చూసి కూడా తాడు విప్పింది. రెండేళ్ళ ఆరాటం, ఎక్కడాగుతుంది!

సగం దూరం వెళ్ళేసరికి గాలి మారింది. టెక్సస్‌లో నార్తర్ అంటారు, ఉత్తరం నుంచి ఒక్కసారిగా విరుచుకుపడే చలిగాలి. నీళ్ళు నల్లబడ్డాయి, అలలు లేచాయి. ఎర్ర బోయ్ కూతవేటు దూరంలో ఊగుతూ కనిపిస్తోంది. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ ఇంద్రజ పోనిస్తూనే ఉంది.

"అక్కా, ఇంక లాభం లేదు, ఇక్కడే వదిలేద్దాం!" అని జయంతి పళ్ళెంతో లేచింది. వెనకే కోటమ్మ లేచింది. ఆవిడ పడిపోతుందని నమ్రత లేచింది. ముగ్గురూ రెయిలింగ్‌కి ముందువైపున్న గేటు తీసుకుని నీళ్ళమీదికి వంగారు. దీపం విసరకూడదు కదా, మెల్లిగా వదలాలి కదా! ఇలాంటి తప్పు మనవాళ్ళు కాక ఇంకెవరు చేస్తారు? ముగ్గురి బరువుకీ బోటు ముక్కు దిగింది. ఎదురొచ్చిన అల అరుగెక్కి, కుచ్చిళ్ళు తడిపి, పళ్ళేన్నీ దొప్పల్నీ ఊడ్చుకుపోయింది. కోటమ్మ చతికిలబడి రెయిలింగ్ పట్టుకుంది.

ఇంద్రజ గాభరాగా స్పీడు మీటని వెనక్కి లాగెయ్యబోయింది. ఒక్కసారి ఆపేస్తే ముక్కు ఇంకా దిగుతుంది ఇందూ, అని ఆయన ఎన్నిసార్లు చెప్పాడో! చెయ్యి ఆగింది.

"వెనక్కి! అందరూ వెనక్కి జరగండి! ముందు ప్రాణం, తర్వాత దీపం! ఈ చన్నీళ్ళలో పడితే ఈతొచ్చినా చేతులాడవు!"

పాక్కుంటూ వెనక్కొచ్చిన నమ్రత తల్లివంక వింతగా చూసింది. "అమ్మా, నువ్వు నాన్నలా అరుస్తున్నావ్."

ముక్కు లేచింది. బోయ్ అక్కడే ఉంది. వీళ్ళని సోఫాల్లో కదలకుండా కూర్చోబెట్టి మెల్లిగా పోనిస్తే అందుతుందేమో. ఇంద్రజ ఒక్క క్షణం అటు చూసింది. నీలిబారిన పెదాలతో వణుకుతున్న కోటమ్మనీ చూసింది. అలకీ అలకీ మధ్య సందు చూసుకుని బోటు తిప్పేసింది. రేవు దాకా ఒక్కసారైనా వెనక్కి చూళ్ళేదు. ఏడుస్తూనే నడిపింది.

రేవు అవతల చెట్ల చాటున గాలి లేని ఓ మూలకి చేరారు. నమ్రత సంచిలో ఒక్క దొప్ప మిగిలింది. పెరట్లో, చలికాలం రాగానే ఉమాకాంత్ పాత దుప్పట్లు చుట్టి కాపాడుతూ వచ్చిన అరటిచెట్టు దొప్ప. ఇంద్రజ జాకెట్ ఇంకా విప్పలేదు. అలాగే వంగి దీపం వెలిగించి వదిలింది. దీపం కాస్త దూరం వెళ్ళింది, ఆగింది, మెల్లిగా తిరిగి ఆవిడ కాళ్ళ దగ్గరికే వచ్చేసింది.

"నీళ్ళు తొయ్యమ్మా, మూడుసార్లు తోస్తే వెళ్తుంది" అంది కోటమ్మ.

ఇంద్రజ నీళ్ళలో చెయ్యి పెట్టింది. ఎముకలు కొరికే చలి. చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

"ఉండనివ్వండి పిన్నిగారూ. బయట గాలి బాగా ఉంది."