వసుంధరక్క, అగ్నిపర్వతం నుంచి వచ్చిన ఆ ఆకుపచ్చ సూదులు

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. వసుంధరక్క చెల్లెలు.

"అక్క పోయింది" అన్నది.

"ఎక్కడికి?" అని అడిగిన.

గంత మొద్దుబారిపోయిన. ఈ రెండేండ్లల్ల ఎన్ని చావులకు పోయిననో. ఏడుపు కూడ సరిగ్గ రాలే. అంతా అయినంక ఇంటికొచ్చి, స్నానం చేసి, అట్లనే కుర్చీల కూసున్న. ఇయ్యాల రాయకపోతే ఇంక ఎప్పటికీ రాయను.

తెల్వనోళ్లకు చెప్తున్న. అక్క నారాయణగూడల ఒక లేడీస్ కాలేజీల జియాలజీ లెక్చరర్. నేను అక్కడనే బోటనీ. నైంటీస్‌ల ఇద్దరం చిక్కడపల్లిల ఒక పోర్షన్ కిరాయికి తీసుకొని ఉన్నం.

రష్యాల అక్కకు ఒక సైంటిస్ట్ ఫ్రెండ్. ఆయన పోస్ట్‌ల చిన్న గాజు సీసా పంపిండు. లోపల నల్లటి రాయి ముక్క. లెన్స్ పెట్టి చూస్తే దాని మీద సన్నటి ఆకుపచ్చ సూదులు.

అగ్నిపర్వతం పగుళ్లల్లకెళ్లి వేడి గ్యాస్ వస్తది కదా, అది చల్లారేటప్పుడు పుట్టే ఖనిజమంట. ఆర్సినేట్, అంటే పాషాణం (ఆర్సెనిక్) కలిసింది. చాన అరుదు. దీనికి ఇంక ఎవ్వరు పేరు కూడ పెట్టలేదేమో అని అక్క అనుమానం.

మురిపెంగ ఓనరమ్మకు కూడ చూపించింది. "ఇందుల పాషాణం కలిసి ఉంటదమ్మా, ముట్టుకోవద్దు" అన్నది.

అంతే.

"ఇంట్ల పాషాణం పెట్టుకుంటరా!" నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నది.

"ఉత్త రాయి అంటే అయిపోతుండె గద అక్కా!" అని నేను లొల్లి పెట్టిన.

"పిల్లలు తిరిగే ఇల్లు. తెలిసి తెలిసి ఎట్ల దాస్తనే?"

కొత్త ఇల్లు చూడబోతే ప్రతి చోట ముందుగాల అదే చెప్తది! కాళ్లు అరిగినయ్. ఆఖరికి సీసాను కాలేజీ ల్యాబ్ బీరువాల పెడితే గాని అశోక్ నగర్‌ల ఇల్లు దొరకలే. బీరువా తాళంచెవి ఒకటి అక్క దగ్గర, ఒకటి నా దగ్గర.

ఇగ ఇప్పుడు చెప్పేది నా తప్పు.

ఆ సూదులకు తేమ తగలొద్దు. అందుకే అక్క మూతకు మైనం పెట్టింది. టెస్టింగ్‌కు పంపనీకి ఏర్పాట్లు చేసుకుంటున్నది. వానకాలం. అక్క లీవ్‌ల ఉంది. నా స్టూడెంట్స్‌కు గొప్పగ చూపిద్దామని సీసా తీసిన. మూత పెట్టిన గాని మైనం పెట్టుడు మర్చిపోయిన.

అక్క వచ్చి చూసేసరికి సూదులు లేవు. బూజు లెక్క తెల్లటి మరక.

ప్రిన్సిపాల్ మేడం ల్యాబ్ ఊడ్చే యాదమ్మను పిలిపించింది. బీరువా తుడవనీకి అప్పుడప్పుడు తాళంచెవి ఆమెకు కూడ ఇస్తుంటిమి. పాలమూరు దిక్కు నుంచి పనికి వచ్చిన మనిషి. "నేను ముట్టలేదమ్మా" అని ఏడుస్తనే ఉన్నది. రేపటి నుంచి రావొద్దన్నరు.

నేను అక్కడనే నిలబడ్డ. నోరు తెరవలే.

మర్నాడు పొద్దున చాయ్ తాగుతుంటే చెప్పిన. "అక్కా, సీసా తీసింది నేను."

అక్క గ్లాస్ కింద పెట్టింది.

"యాదమ్మ ఇల్లెక్కడనో తెలుసా?" అన్నది.

రాయి గురించి ఒక్క మాట లేదు. ఇద్దరం వానల తడుసుకుంట బాగ్ లింగంపల్లి దగ్గర బస్తీకి పోయినం. యాదమ్మకు చెప్పిన. తర్వాత ప్రిన్సిపాల్ మేడంకు చెప్పిన. యాదమ్మ పనిలకు మళ్ల వచ్చింది. నాతోని మాత్రం ఏడాది దాంక మాట్లాడలే. హక్కు ఉంది ఆమెకు.

అక్క రష్యాకు ఉత్తరం రాసింది. మా చేతుల్ల పాడైంది, క్షమించండి అని. "మా" అనే రాసింది. నా పేరు రాయలే.

జవాబు రెండు నెలలకు వచ్చింది. ఆ పగులు చల్లారిపోయింది, గ్యాస్ వస్తలేదు, ఇంకో ముక్క లేదు అని.

అది చదివి అక్క వంటింట్లకు పోయి ఏడ్చింది. కొంచెం సేపటికి బయటికొచ్చి "పా, అన్నం తిందాం" అన్నది.

ఆ ఖనిజం మీద అక్క పేపర్ రాయనే లేదు. చేతుల రాయి లేకుండ, సగం తెలిసి రాసుడు తప్పు అన్నది.

ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న నన్ను దెప్పలే. అందుకేనేమో నేను కూడ సారీ అని సరిగ్గ చెప్పలే. రేపు చెప్దాం, మాపు చెప్దాం అనుకుంటనే ఉన్న.

అందరి ముందు ఇప్పుడు చెప్తున్న. అక్కా, సారీ.

చాన అలసిపోయినవ్. ఇగ నిమ్మలంగ పండుకో. నీ మనసుకు శాంతి ఉండాలె.