ఆనంద్ పాల్ మళ్లీ బ్రేకు పని పట్టాడు

దెందులూరు చుట్టుపక్కల కార్లున్నవాళ్లకి ఒకప్పుడు బ్రేకంటే ఆనంద్ పాలే. పెడలు మీద పాదం ఆనిస్తే చాలు, లోపల లైనింగు ఎంత అరిగిందో చెప్పేసేవాడు. అలాగని గొప్పలు పోయే మనిషి కాదు. మాట తక్కువ, పని శుభ్రం. ఆదివారం చర్చిలో గోళ్ల సందుల్లో గ్రీజు కనపడకూడదని శనివారం సాయంత్రం అరగంట సబ్బుతో కుస్తీ పట్టేవాడు. అలాంటివాడు రెండువేల మూడులో బ్రేకు పని మానేశాడు. మానేలా చేసింది నేనే. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం తేలిక.

నాకో డెబ్బైనాలుగు మోడల్ అంబాసిడర్ ఉంది. ఆ రోజుల్లో మండవల్లి అవతల చేపల చెరువులు కూడా ఉండేవి. ఒక శనివారం పాల్ నా కారుకి నాలుగు చక్రాలకీ కొత్త లైనింగులు వేసి ఇచ్చాడు. సోమవారం మా డ్రైవరు పాపారావు చెరువుల దగ్గరికి వెళ్తుంటే, మండవల్లిలో అక్కని చూసొస్తానని పాల్ భార్య వరమ్మ కూడా ఎక్కింది. గురువారం అదే కార్లో తిరిగొస్తుంటే, మా ఊరు ఇంకో కిలోమీటరుందనగా, కాలవ మలుపులో బ్రేకు పట్టలేదు. కారు కాలవలో పడింది. పాపారావు గీతలతో బయటపడ్డాడు. వరమ్మకి కుడి మోకాలు విరిగింది.

కోపం వస్తే నా నోటికి అడ్డూ ఆపూ ఉండదు. కబురు తెలిసి పాల్, నేను పరిగెత్తుకెళ్లాం. కాలవ గట్టు మీద పదిమంది చూస్తుండగా అతని మీద విరుచుకుపడ్డాను.

"మొన్నే కదయ్యా బ్రేకులు చేశావు! కట్టుకున్న పెళ్లాం ఎక్కే బండైనా కాస్త చూసి చెయ్యొద్దా?"

అతను వరమ్మని రెండు చేతుల మీద ఎత్తుకుని ఆటో ఎక్కించాడు.

ఆ మర్నాటి నుంచి చెరువుల పంపులు, సెల్ఫ్ మోటార్లు తప్ప ఇంకేదీ ముట్టుకోలేదు. ఎవరైనా బ్రేకు అంటూ వస్తే, "ఏలూరు తీసుకెళ్లండి" అనేవాడు. పాపారావు తాడేపల్లిగూడెంలో లారీ నడపడానికి పోయాడు. కాలవలోంచి తీసిన కారుని నేను షెడ్డులో పడేసి మళ్లీ దాని మొహం చూడలేదు.

ప్రభుత్వం వాళ్లు కొల్లేట్లో మా చెరువుల గట్లు కొట్టేసిన మరుసటి ఏడు, చేతినిండా పని లేక, ఆ కారుని బాగుచేయించాలని బుద్ధి పుట్టింది. "ఆ బ్రేకుతోనే అయితే నేను ఎక్కనండి మావయ్యగారూ" అని మా కోడలు ప్రసన్నలక్ష్మి ఖరాఖండీగా చెప్పేసింది. ఆ పిల్ల భయంలో తప్పేం లేదు. పాత అంబాసిడర్లో బ్రేకు ఆయిలుని తోసే సిలిండరుకి ఒకటే గది. అది పాడైతే నాలుగు చక్రాలూ ఒకేసారి చేతులెత్తేస్తాయి. తర్వాత వచ్చిన బళ్లలో సిలిండరుకి రెండు గదులు. ఒకటి ముందు చక్రాలకి, ఒకటి వెనక చక్రాలకి. ఒకటి పోయినా రెండోది ఎలాగోలా బండిని ఆపుతుంది.

అలాంటి సిలిండరు విజయవాడలో దొరికింది. బిగించేవాడే దొరకలేదు. ఏలూరులో అడిగిన ప్రతివాడూ కారుని అమ్మేయమన్నాడు. ఇక సిగ్గు విడిచి, కారుని ట్రాక్టరుకి కట్టి పాల్ ఇంటి ముందుకి లాక్కెళ్లాను. తిడతాడనుకున్నాను. అతను నా చేతిలోంచి సిలిండరు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చేస్తానండి," అన్నాడు. "నాలుగేళ్లుగా దీని గురించే ఆలోచిస్తున్నానండి. అప్పుడే ఇది ఉంటే మా ఆవిడ కాలు దక్కేది కదండీ."

నాకు తలెత్తి అతని మొహం చూడబుద్ధి కాలేదు.

పని మూడు రోజులు పట్టింది. కొత్త సిలిండరు పొడుగు. పాతది ఉన్న చోట పట్టదు. ఇనప పలక కోసి దానికి వేరే కూర్చునే చోటు చేశాడు. నచ్చక రెండుసార్లు విప్పి మళ్లీ చేశాడు. ముందుకి వేరే పైపు, వెనక్కి వేరే పైపు లాగాడు. మూడో రోజు పొద్దున పాత సిలిండరుని తుక్కులో వేయబోయి ఆగిపోయాడు. ఎందుకు పాడైందో చూడకుండా ఏ వస్తువునీ పారేయలేడు ఆ మనిషి.

విప్పితే, లోపలి రబ్బరు వాషర్లు నానబెట్టిన శనగల్లా ఉబ్బి ఉన్నాయి. అడుగున మిగిలిన జిడ్డుని మగ్గులో నీళ్లలో ఒక చుక్క వేశాడు. అది నీటి మీద తేలింది.

"ఇది బ్రేకు ఆయిలు కాదండీ," అన్నాడు. "బ్రేకు ఆయిలైతే నీళ్లలో కలిసిపోతుంది. ఇది పంపు ఇంజన్లో పోసే ఆయిలండీ. ఇది తగిలితే రెండు మూడు రోజుల్లో రబ్బరు ఉబ్బిపోయి బ్రేకు పట్టదు. నేను పోయలేదండీ. ప్రమాణం చేసి చెప్తున్నాను, నేను పోయలేదు."

"మరి ఎవరు పోశారయ్యా?"

"పాపారావండీ," అంది వరమ్మ.

నాకు టీ తెచ్చి, కర్ర ఊతంగా గుమ్మంలో నిలబడి ఉంది.

"ఆ సోమవారం మీ చెరువు గట్టు మీద కారాపాడండి. బ్రేకు లోతుకి దిగుతోందన్నాడు. పంపు షెడ్డులోంచి డబ్బా తెచ్చి, కాళ్ల దగ్గర మ్యాటెత్తి, కింద ఉన్న మూత విప్పి పోశాడండి. ఏదైనా ఆయిలే కదమ్మా అన్నాడు."

కొత్త లైనింగు కుదురుకునేదాకా పెడలు కాస్త లోతుకి దిగుతుందట. పాపారావుకి ఆ సంగతి తెలియదు. చెరువుల మీద బతికే మా అందరికీ ఒకటే అలవాటు, ఏ యంత్రం కీచుమన్నా పంపు ఆయిలే పోస్తాం.

"నాతోనైనా చెప్పలేదేం?" అన్నాడు పాల్.

"అది పోయకూడదని నాకేం తెలుసండీ? మీరా, కారు మాటెత్తితే చాలు లేచి వెళ్లిపోయేవారు. నా కాలు చూస్తే మీకు బాధని చీర కుచ్చిళ్లు దించుకుని తిరిగాను." తర్వాత నా వైపు తిరిగింది. "పోలీసులు పాపారావుని అడిగారు. మీరు ఈయన్ని అడిగారు. నన్ను కాలెలా ఉందనే అడిగారు గానీ, కార్లో ఏం జరిగిందని ఎవరడిగారండీ?"

నిజమే. వెనక సీట్లో కూర్చుని మొత్తం చూసిన మనిషిని నాలుగేళ్లలో ఒక్కసారీ అడగలేదు.

"తప్పు నాది పాల్," అన్నాను. "ఆ రోజు పదిమందిలో అన్నాను. పదిమందిలోనే తప్పయిపోయిందని చెప్తాను."

"చెప్పండి," అన్నాడు. పర్లేదనలేదు. అనకపోవడమే న్యాయం.

ఇక పైపుల్లో గాలి తీయడం మిగిలింది. గాలుంటే పెడలు గట్టిపడదు. దానికి ఒకళ్లు పైన కూర్చుని పెడలు తొక్కాలి, ఒకళ్లు కింద చక్రం దగ్గర మర విప్పాలి. నేను తొక్కుతానని లేచాను.

"మీరుండండి," అన్నాడు పాల్. "వరమ్మా, నువ్వు రా."

ఆవిడ అక్కడే నిలబడింది. ప్రమాదం తర్వాత ఆవిడ ఏ కారూ ఎక్కలేదు. పాల్ వెళ్లి చెయ్యి పట్టుకుని, డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, వంగని కుడికాలు తలుపు బయటికి చాపుకోనిచ్చాడు. తర్వాత కారు కిందకి దూరాడు.

"తొక్కు."

వరమ్మ ఎడంకాలితో తొక్కింది.

"పెడలు ఎక్కడైనా ఆగుతోందా?"

"లేదండీ, మెత్తగా దిగిపోతోంది."

నాలుగు చక్రాలకీ గాలి తీసేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. చివరిసారి తొక్కి ఆవిడ పాదం తీయలేదు.

"ఏవండీ, ఇప్పుడు గట్టిగా ఉందండీ. ఇంక దిగట్లేదు."

పాల్‌ని ఇక బయటికి రమ్మందామని వంగి చూస్తే, అతను వెల్లకిలా పడుకుని, గ్రీజు చేతులతోనే మొహం కప్పుకుని ఏడుస్తున్నాడు.

"పాదం తీసేయనాండీ?" అని అడిగింది వరమ్మ.

"కాసేపు అలాగే ఉంచు," అన్నాడు.