చెరపకుండా వదిలేసిన పాఠం

పాలకాయతిప్ప దగ్గరి తుఫాను షెల్టరులో విశ్వవిద్యాలయం వారు పనిచేసుకునే వాళ్ల కోసం వారానికి రెండు సాయంత్రాలు తరగతి నడిపేవారు. రిటైరయ్యాక అక్కడ చదువు చెప్పడానికి ఒప్పుకున్నాను. మచిలీపట్నం నుంచి వాళ్ల జీపులోనే వెళ్లి వచ్చేవాణ్ణి.

ముందురోజు సంగతులు మర్నాడు ఉదయం డైరీలో రాయడం నా అలవాటు. ఒక రోజు ఉదయం అలాగే "పాఠం: వాతావరణ సూచన" అని మొదలుపెట్టాను. ముందు సాయంత్రం తరగతిలో, పాత పేపరులోంచి నాలుగు వాక్యాలు బోర్డు మీద రాసి చదివించాను. చివరిది, "మత్స్యకారులు వేటకు వెళ్లవచ్చు." జీపు హారను కొడుతుంటే చెరపకుండానే వచ్చేశాను. అంతవరకు రాసేసరికి, అల్పపీడనం బలపడిందని, సముద్రంలోకి ఎవరూ వెళ్లవద్దని టీవీలో చెబుతున్నారు.

చెయ్యి ఆగిపోయింది. తరగతిలో తడబడకుండా చదివేది ఒక్కడే, నలభై దాటిన పడవ మనిషి. అతని ఇంటికి ఫోన్ చేస్తే భార్య తీసింది.

"వేటకెళ్లారండి మాస్టారూ. గాలి తేడాగా ఉంది, వద్దురా అని మా మావయ్యగారు చెప్పారండి. ఈయన వింటేగా. బోర్డు మీద రాసుంది, నేనే చదివాను అని ఇంకో ముగ్గుర్ని ఎక్కించుకుని మరీ వెళ్లారు."

"ఆయనకి ఫోన్ చెయ్యమ్మా."

"చేస్తూనే ఉన్నానండి. అందట్లేదు."

బస్సులు మారి కోడూరు, అక్కడి నుంచి ఆటోలో ఒడ్డుకు చేరేసరికి పదకొండు దాటింది. ఇసుక మొహాన కొడుతోంది. అతని తండ్రి ఆరిపోయిన చుట్ట నోట్లో పెట్టుకుని సముద్రం వైపు చూస్తున్నాడు. ఆ సూచన పాతదని, నేనే చెరపలేదని చెప్పాను. ఆయన తిట్టలేదు.

"మాస్టారు రాసింది తప్పవుద్దని వాడెందుకనుకుంటాడండి" అన్నాడు.

ఆయన పక్కనే ఇసుకలో కూర్చున్నాను. కెరటాల మధ్య నల్లగా ఏది కనిపించినా పడవే అనిపించేది. లేచి చూసి, కాదని తెలిసి మళ్లీ కూర్చునేవాణ్ణి. ఆయన కోడలు కాస్త దూరంలో కూర్చుని భర్తకి ఫోన్ చేస్తూనే ఉంది. నా వైపు చూడలేదు.

రెండు దాటాక వాళ్ల పడవ కనిపించింది. ఆమె లేచి మనుషుల్ని లెక్కపెట్టింది. నలుగురూ ఉన్నారు. వలలు కోసి నీళ్లలోనే వదిలేసి వచ్చారట.

అతను తడిసిన లుంగీతో వచ్చి తండ్రి పక్కన కూర్చున్నాడు.

"నీ మాటే నెగ్గింది నాన్నా."

"నెగ్గదా మరి. నాకు చదువు రాదుగా" అన్నాడు ముసలాయన.

నేను తల వంచుకుని, అది పాత పేపరులోదని, చదివించడానికే రాశానని అతనికీ చెప్పాను. వణుకుతూ విన్నాడు.

"ఆ ముక్క కూడా పక్కన రాయాల్సిందండి మాస్టారూ."

తరువాతి తరగతికి వస్తాడనుకోలేదు. వచ్చాడు. అప్పటి నుంచి బోర్డు మీద ఏం రాసినా ముందు లేచి, "ఇది ఎప్పటిదండీ?" అని అడిగేవాడు. నేను చెప్పేదాకా ఎవరినీ చదవనిచ్చేవాడు కాదు.