డిస్కు పెట్టే సందు లేని ఆట మెషీను

ఒక పెద్ద కంపెనీ తెచ్చే కొత్త గేమ్ కన్సోల్‌లో డిస్కు పెట్టే సందే ఉండదంట. పోటీ కంపెనీదీ అట్లేనంట. మా అన్న కూతురు చెప్పినప్పటినుంచి నాకు ఒళ్ళు మండుతా ఉంది.

చిన్నప్పుడు కోయంబత్తూరు సింగానల్లూరులో మేము వీడియో గేమ్ కేసెట్లు ఊది ఊది పెట్టి ఆడేవాళ్ళం. ఒకసారి నాకు అమ్మవారు పోస్తే, వేపాకు పరిచి ఇంట్లోనే పడుకోబెట్టినారు. పక్కింటి రాజి తనకున్న ఒకే కేసెట్‌ను కిటికీ కమ్ముల్లోంచి లోపలికి తోసి, "నువ్వు ఆడుకో అక్కా, నాకు బోర్ కొట్టింది" అనింది. వాళ్ళమ్మ అడిగితే పారేసుకున్నానని చెప్పి దెబ్బలు తినింది. నా పేరు మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు డిస్కే లేకపోతే, కొనుక్కున్న ఆటను ఇంకొకరి చేతికి ఇయ్యనే కూడదా? ఇదేం అన్యాయం! ఇదే మాట అన్న కూతుర్ని అడిగితే, "ఎవరికి ఇయ్యాల అత్తా?" అనింది.

నాకు కంపెనీల మీద కంటే ఆ మాట మీదే ఎక్కువ కోపం వచ్చింది.