దారి మారిన ట్రైకో కార్డులు

పెళ్లయిన నాటినుంచీ అప్పలనర్సమ్మ బియ్యంలో రెక్కల పురుగు కనిపిస్తే చాలు, జల్లెడ పట్టి, ఎండబోసి, తిట్టి మరీ వదిలించేది. అలాంటిది నలభై దాటాక అనకాపల్లిలో ఓ చిన్న ల్యాబులో ఆ పురుగుల్నే జొన్ననూక పోసి పెంచే పని దొరికింది. వాటి గుడ్లను అట్టముక్కలకు అంటించి, ఆ గుడ్లలో చీమ తలకాయంత కూడా లేని కందిరీగలు పెరిగేలా చేస్తారు. ఆ ట్రైకో కార్డును చెరకు ఆకుకు గుచ్చితే, కందిరీగలు బయటికొచ్చి చెరకు మొవ్వును తొలిచే పీకపురుగు గుడ్లను వెతికి పాడుచేస్తాయి.

ఆ రోజు పొద్దున్నే కార్డులు పట్టుకుని మునగపాక దగ్గర, కార్డులు అడిగిన త్రినాధరావు చెరకు చేనుకు వెళ్లింది. గట్టెక్కగానే మందు వాసన గుప్పుమంది.

"నిన్న సాయంత్రం కొట్టించేసేను వదినా. పురుగు కనపడితే బయమేసింది," అని త్రినాధరావు నీళ్లు నమిలాడు.

"మందు కొట్టిన సేలో నా పిల్లలు బతుకుతారేటి?"

ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. కార్డు మీద అప్పుడే నల్లటి నలుసులు కదులుతున్నాయి. తిరిగి తీసుకెళ్లేలోగా అన్నీ సంచిలోనే పుట్టేస్తాయి.

మందు పడని చేను రోడ్డవతల ఒక్కటే ఉంది. అది పోతురాజుది. ఆమె పనిని నలుగురిలో వెక్కిరించే మనిషి. అయినా తప్పదని నడిచింది.

"పోతురాజూ, బేగి సెప్పు. నీ సేలో పురుగుల్ని వదలాలి."

"ఉన్నవి సాలవా వదినా?"

ఆమె కార్డు అతని అరచేతిలో పెట్టింది. ఒక నలుసు రెక్కలు విప్పుకుని అతని వేలెక్కింది. పోతురాజు వేలిని కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఓర్నాయనో! ఇంత దానికీ పేణముంది!"

ఎండెక్కేలోగా ఇద్దరూ నడుం వంచి కార్డులన్నీ ఆకుల అడుగున గుచ్చేశారు.

"మందు డబ్బా ముట్టుకున్నావంటే నాను ఊరుకోను," అంది వెళ్తూ వెళ్తూ.

చెప్పినట్టే అతను ముట్టుకోలేదు. ఆమె వారం వారం కొత్త కార్డులు తెచ్చింది. రెండు నెలలకు చూస్తే, మొవ్వు ఎండిన పిలకలు అక్కడొకటి ఇక్కడొకటి తప్ప లేవు. చేను పచ్చగా లేచింది. త్రినాధరావు గట్టు మీద నిలబడి చూసి, "వచ్చే ఏడు ముందు నాకే," అని పేరు రాయించుకున్నాడు.

పోతురాజుకు మాత్రం మనసాగలేదు. "నక్కపల్లిలో మా బావకి రెండెకరాల సెరకుంది. ఆదివారం వత్తావా?" అని ఫోను చేశాడు.

ఇద్దరూ బస్సెక్కారు. పోతురాజు కార్డుల సంచిని ఒళ్లో పెట్టుకుని, పక్కసీటాయన మోచేయి తగిలినప్పుడల్లా, "సూసుకో మామా, లోపల పసిగుడ్లున్నాయి," అంటూనే ఉన్నాడు. అప్పలనర్సమ్మ కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.