సార్‌కు ఆ సినిమా నచ్చలేదు

మొన్న యాదగిరిగుట్ట నుంచి ఆలేరు పోయే బస్సులో వెనక సీటు ఆయనెవరో ఫోన్లో సినిమా పెట్టుకున్నాడు. బొమ్మ నాకు కనబడలేదు, గొంతు మాత్రం వినబడింది. "కొట్టకుండ్రి, మీ కాల్మొక్త" అని ఒక మగమనిషి ఏడుస్తున్నాడు. తర్వాత కర్ర దెబ్బలు, గొర్రెల అరుపులు, డప్పు. ఆ ఏడుపు రాసింది నేనే. ఆ సినిమా మా మల్లేశం సార్ రాసిన నవల మీద తీసింది. సార్ పోయి మూడేళ్ళయింది. ఈమధ్య నవలను మళ్ళీ అచ్చువేసి, అట్ట వెనక "సినిమా చూసి రచయిత కంటతడి పెట్టారు" అని వేశారు. సంతాపసభలో మైకు ముందు ఆ మాట అన్నది నేను. కంటతడి నిజమే. కానీ సార్‌కు ఆ సినిమా నచ్చలేదు. నచ్చకపోవడం కూడా చిన్నమాట, అసహ్యించుకున్నారు. ఎందుకో చెప్పకుండా ఇన్నాళ్ళు దాచాను.

సార్ మా బడిలో తెలుగు చెప్పారు. రిటైరయ్యాక ఒకే ఒక్క నవల రాశారు. మా ఊళ్ళో గొర్లు కాసే బీరయ్య హత్య దాని కథ. ఒకరోజు పొద్దున మందను తోలుకుపోయిన బీరయ్య తిరిగి రాలేదు. మధ్యాహ్నానికి మంద ఒక్కటే ఇంటికొచ్చింది. బత్తాయితోట కంచె పక్కన శవం దొరికింది. గొర్లు తోటలో పడ్డాయని కొట్టి చంపారని ఊరంతా అనుకుంది. చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. సాక్షి లేక కేసు కొట్టేశారు. సార్ ఒక్కో అధ్యాయం రాయగానే బీరయ్య తల్లి ఐలవ్వ దగ్గరికి పోయి చదివి వినిపించేవారు. ఆమెకు చదువు రాదు. ఆమె సరే అన్నాకనే సాపుప్రతి రాసేవారు. అప్పట్లో ప్రైవేటు స్కూల్లో నా పని పోయి ఖాళీగా ఉన్నాను కాబట్టి, సార్‌ను బండి మీద తీసుకుపోయేవాణ్ణి.

"ఏం సారూ, నా కొడుకును దేవున్ని జేస్తున్నవా?" అని నవ్వేది ఐలవ్వ. "వాడు మందను నా మీదిడిసి కల్లుకు ఉరికెటోడు. అది గుడ రాయి." సార్ అక్కడే పెన్ను తీసి రాసుకునేవారు. హత్య అధ్యాయం చదివిన రోజు మాత్రం ఆమె నవ్వలేదు.

"కొట్టంగ నువ్వు జూసినవా సారూ?"

"లేదవ్వా."

"జూసినోల్లు ఎవలన్న నీకు జెప్పిండ్రా?"

"లేదు."

"మరెట్ల రాసినవు?"

సార్ ఆ నాలుగు కాగితాలు చింపేశారు. అందుకే నవలలో హత్య లేదు. మంద ఒక్కటే ఇంటికి రావడం ఉంది, పేజీ తిప్పితే పాడె కడుతుంటారు. తిరిగొచ్చేటప్పుడు బండి వెనక నుంచి సార్, "మంచిగ రాసిన పేజీలు రా సైదులూ" అన్నారు. ముసలామె పుస్తకాన్ని చెడగొట్టిందని నాకప్పుడు అనిపించింది.

తెలంగాణ వచ్చాక మన భాషలో సినిమాలు రావడం మొదలైంది. నేను హైదరాబాద్ పోయి మాటల రచయితనయ్యాను. ఒక దర్శకుడికి సార్ నవల నచ్చింది. సంతకం కోసం కాగితం నేనే తీసుకుపోయాను. "కొట్టుడు చూపియ్యరు గద?" అని అడిగారు సార్. "చూపియ్యరు సార్, నాది పూచీ" అన్నాను. నెల తిరగకముందే దర్శకుడు, "హత్య సినిమాల హత్య లేకపోతే జనం లేసిపోతరన్నా" అన్నాడు. కిరాయి గదిలో కూర్చుని ఒక్క పూటలో రాసిచ్చాను. బీరయ్యతో కాళ్ళు మొక్కించాను, ఏడిపించాను. షూటింగులో అందరూ చప్పట్లు కొట్టారు. సార్‌కు చెప్పలేదు. విడుదలైన వారంలో సార్ ఫోన్ చేసి, "అవ్వ గుడ సూస్తనంటాంది, తోల్కరానా?" అన్నారు. వద్దనాల్సింది. వద్దంటే ఎందుకో చెప్పాలి. "తోల్కరాండ్రి సార్" అన్నాను.

భువనగిరిలో మార్నింగ్ షో. ఆ సీను మొదలవగానే సార్ నా వైపు ఒకసారి చూసి, "పా అవ్వా, పోదాం" అని లేచారు. "ఆగు సారూ, సూడనీ" అంది ఐలవ్వ. రెప్ప వేయకుండా చివరిదాకా చూసింది. సార్ నిలబడే ఏడ్చారు. బయటికొచ్చాక ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"నువ్వే రాసినవంట గద బిడ్డా. ఎవలు జెప్పిండ్రు నీకు?"

నాకు అర్థం కాలేదు.

"ఆడ ఉన్నోడే జెప్పుంటడు గద. పేరు జెప్పు. కోర్టుల గదే అడిగిండ్రు, సాక్షి ఏడని."

సార్ ఆ కాగితాలు చింపిన రోజు ఆమె నేర్చుకున్నది అదే: ఎవరో ఒకరు చూసి చెప్పందే ఎవరూ రాయరు. అప్పుడే నిజం చెప్పాల్సింది. "తర్వాత చెప్తనవ్వా" అన్నాను.

ఆమెను ఆటోలో కూర్చోబెట్టి సార్ నా దగ్గరికి వచ్చారు. "పాటలు నచ్చలే, ఫైటింగులు నచ్చలే, అవి పోనీ. ఆమెకు లేని సాక్షిని పుట్టిచ్చినవు గదరా. వచ్చి అబద్ధమని చెప్పు." తర్వాత సార్ తానే ఎన్నిసార్లు చెప్పినా ఆమె వినలేదట, రాసినోడే చెప్పాలె అన్నదట. నాకు ఫోన్ చేసిన ప్రతిసారీ సార్ అడిగేది అదొక్కటే. రేపు, ఎల్లుండి అంటూనే ఉన్నాను. సార్ పోయారు.

మొన్న ఆలేరులో బస్సు దిగి నేరుగా మా ఊరికి, ఐలవ్వ ఇంటికి పోయాను. మేకపిల్లలకు రెమ్మలు కడుతోంది. చూపు తగ్గింది. పేరు చెబితే గుర్తుపట్టి, "జెప్పనీకి వచ్చినవా?" అంది.

"ఎవలు చెప్పలేదవ్వా. నేనే కల్పించిన. నీ కొడుకు ఎట్ల పోయిండో నాకు తెల్వదు."

"కాళ్ళు మొక్కిండో లేదో గుడ తెల్వదా?"

"తెల్వదవ్వా."

చేతిలోని రెమ్మ పక్కన పెట్టింది. తర్వాత ఎదురింటి వైపు తల తిప్పింది. "ఊళ్ళె ఒక్కొక్కని మొఖం జూసుకుంట తిరిగిన బిడ్డా, నీకు జెప్పింది వీడా, వాడా అని. ఆఖరుకు గీ నర్సయ్యే అనుకున్న. నా కొడుకు పాడె మోసినోడు. సూసి గుడ కోర్టుల జెప్పలేదని, వాడు ఎన్నిమార్లు పలకరిచ్చినా నేను మాట్లాడలే. పోయిన ఎండకాలం వాడు గుడ పాయె."

మళ్ళీ రెమ్మలు కట్టుకోసాగింది. నేను లేచి చూశాను. నర్సయ్య ఇంటికి తాళం వేసి ఉంది. ఆయనకు చెప్పాల్సిన మాట ఇంకా నా దగ్గరే ఉంది.